పదహారు దాకా

సాయంత్రం ఆరున్నర కావస్తుండగా మౌనేశ్వరాచారి దేవుడి గదిలో పడమటి కిటికీ ఎదుట పీట వేసుకుని కూర్చున్నాడు. ఆచమనం చేసి, కుడి ముక్కు మూసి, ఎడమ ముక్కుతో నిండుగా గాలి పీల్చాడు. తర్వాత రెండూ మూసి ఊపిరి బిగబట్టాడు. ఒకటి, రెండు, మూడు అని మనసులోనే లెక్క, పదహారు దాకా. ఆపైన మెల్లగా వదిలాడు. ఇలా మూడుసార్లు. పదమూడో ఏట జంధ్యం పడిన నాటినుంచి పొద్దునా సాయంత్రం ఇదే వరస. పెళ్ళినాడు తప్పలేదు, తండ్రి పోయిన మరునెలలో జ్వరం వచ్చినప్పుడూ తప్పలేదు.

సరిగ్గా ఆ సమయానికే, ప్రొద్దుటూరికి రెండువేల కిలోమీటర్ల అవతల, శ్వేతకూటమనే మంచుకొండ మీద రెండో మకాం దగ్గర అతని భార్య సర్వమంగళ చేతిలోని టీ గ్లాసు జారిపోయింది. ఆమె మంచులో మోకాళ్ళ మీద కూలబడింది. నోరు తెరిచే ఉంది గానీ గాలి లోపలికి పోలేదు. బృందాన్ని నడిపించే నీమా దోర్జే పరుగున వచ్చేసరికి ఊపిరి తిరిగి వచ్చింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ ఆగింది. అలా మూడుసార్లు.

ఈ సంగతి ఆచారికి అరగంట తర్వాత తెలిసింది. చెప్పింది ఆసిఫా. కంపెనీ పంపితే వచ్చి, వారం రోజులుగా వాళ్ళ వసారాలో యంత్రం పెట్టుకుని కూర్చున్న ఇంజనీరు. కడప మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి. సాయంకాలపు నమాజుకు పక్క గదిలోకి వెళ్ళి వచ్చి చూస్తే తెర మీద ఆచారి ఊపిరి గీత మూడుచోట్ల బల్లపరుపుగా సాగి ఉంది.

ఆమె అతని ఛాతీకి కట్టిన పట్టీని సవరించి, బిగించి, గుండెలో నొప్పేమన్నా వచ్చిందా అని అడిగింది. లేదన్నాడు. ఆయాసం వచ్చిందా, దగ్గారా, కళ్ళు తిరిగాయా అని అడిగింది. ఏదీ లేదన్నాడు. అబద్ధం ఆడే అలవాటు అతనికి లేదు. నిజంగానే, తాను ఏమీ చేయలేదనే అనుకున్నాడు.

*

సర్వమంగళ బాలికల హైస్కూల్లో వ్యాయామోపాధ్యాయిని. నలభై ఏడేళ్ళు. ఆమె తయారుచేసిన ఖోఖో జట్టు నాలుగుసార్లు రాష్ట్రం దాకా వెళ్ళి వచ్చింది. పిల్లలు లేని ఆ ఇంట్లో మాటలు తక్కువ. ముందు గదిలో ఆచారి నగల పని, వెనక వంటింట్లో ఆమె. మధ్యలో గోడకు ఒక కిటికీ. ఆ కిటికీలోంచి ఆకురాయి రాపిడి ఇటు వినబడేది, గరిటె చప్పుడు అటు వినబడేది.

ఒకరోజు పేపరు మడిచి తెచ్చి అతని పట్టకారు పక్కన పెట్టింది. నలభై దాటిన మామూలు మనుషులు పదిమందిని, ఆక్సిజన్ సీసాలు లేకుండా, ఏడువేల మీటర్ల కొండ ఎక్కిస్తారట. కొత్త సాధనం ఒకటి కనిపెట్టారట. నడిపించేందుకు కొండ తెలిసిన మనుషులుంటారట. ఆచారి అద్దాలు తీసి ఆమె వైపు చూశాడు. నీకెందుకిది అని అడగలేదు గానీ, ఆ చూపులో అదే ఉంది.

"ఇరవై ఏండ్లుగా ఈల ఊది పిల్లోల్లను పరిగెత్తిస్తాండా" అంది సర్వమంగళ. "వాల్లు పోతారు, గెలుస్తారు. నేను సున్నం గీత కాడనే నిలబడతా. ఒక్కసారి నేను పోతా."

అతను కాదనలేదు.

హైదరాబాదులోని ప్రయోగశాలలో ఆమెను గాలి పలుచన చేసిన గాజు గదిలో పడుకోబెట్టారు. కొండ ఎత్తుకు తగ్గట్టు గాలి తగ్గిస్తూ పోతే, నిద్రలో ఆమె ఊపిరి తడబడింది. నాలుగుసార్లు గబగబా పీల్చి, తర్వాత పీల్చడమే మరిచిపోయేది. ఎత్తయిన చోట ఒళ్ళు చేసే పొరపాటు అదేనని డాక్టరు చెప్పాడు. ఆమె మెడకు కట్టిన పట్టీ, ఊపిరితిత్తుల కింది కండరాన్ని కదిలించే నరాన్ని తట్టి లేపగలదు. మొదట యంత్రం లెక్కకట్టిన ఊపిరిని ఇచ్చారు. పరాయివాడెవడో చెయ్యి పట్టి లాగినట్టు ఆమె ఒళ్ళంతా పెనుగులాడింది. తర్వాత గాజు గది బయట కుర్చీలో కూర్చున్న ఆచారి ఛాతీకి పట్టీ కట్టి, అతని ఊపిరిని పంపారు. రెండు నిమిషాల్లో సర్వమంగళ ముఖం తేటపడింది. పక్కకు తిరిగి పడుకుంది.

"ఇరవై రెండేళ్ళు ఒక కప్పు కింద నిద్రపోయిన ఒళ్ళు. ఆ ఊపిరిని గుర్తుపడుతుంది" అన్నాడు డాక్టరు. ఆ సాధనానికి వాళ్ళు పెట్టుకున్న పేరు తోడు.

ఆచారికి ఆ మాట నచ్చింది. కొంచెం భయమూ వేసింది. పెళ్ళిలో అగ్ని ఎదుట పలికిన మాటలను ఎవరో గాజు గదిలో పెట్టి నిజమో కాదో చూసినట్టనిపించింది.

ఇంట్లో నలభై రోజులు అలవాటు చేయించారు. రోజూ తొమ్మిది నుంచి పదకొండు దాకా అతను పని పీట దగ్గర, ఆమె వంటింట్లో, ఇద్దరికీ పట్టీలు. దానికి ముందు ఒక కాగితం నింపాలి. అందులో ఒక ప్రశ్న: ఊపిరి బిగబట్టే పనిగానీ వ్యాయామంగానీ చేస్తారా? ఆచారి దాని గురించి ఒక పూటంతా ఆలోచించాడు. కుంపట్లో మంటను నగ మీదికి మళ్ళించేందుకు ఊదుగొట్టం వాడతాను, బుగ్గల్లో గాలి పట్టి ఊదుతాను అని వివరంగా రాశాడు. అయితే అది పక్కన పెట్టమన్నారు. పెట్టాడు. అతుకుల పనంతా తమ్ముడి అంగడికి పంపేశాడు. కుంపట్లో బూడిద చల్లారింది.

సంధ్యావందనం సంగతి రాయాలని అతనికి తోచనే లేదు. అది పని కాదు, వ్యాయామమూ కాదు.

అయిదున్నర వేల మీటర్ల దాకా తోడు ఊరకే వింటుంది. ఆ పైనే పూర్తిగా పట్టుకుంటుంది. రెండో మకాం ఆ గీత దాటాక ఉంది. అక్కడ మధ్యాహ్నం పట్టీని పూర్తిగా తెరిచారు. సాయంత్రం ఆరున్నరకు ఆచారి పీట వేసుకున్నాడు.

*

మర్నాడు పొద్దున ఆసిఫా యంత్రం ముందునుంచి కదల్లేదు. సూర్యుడు వచ్చే వేళకు గీత మళ్ళీ బల్లపరుపైంది. ఆమె లేచి లోపలికి పరుగెత్తి, దేవుడి గది గుమ్మం దగ్గర నిలబడిపోయింది. కాళికాంబ పటం ఎదుట ఆచారి కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముక్కు మీద వేళ్ళు.

"సార్, ఊపిరి వదలండి" అంది. "మేడమ్‌కు ఆగిపోయింది."

సంధ్య మధ్యలో అతను ఎవరితోనూ మాట్లాడడు. ఊపిరి మాత్రం ఒక్కసారిగా బయటికొచ్చింది. వేళ్ళు ముక్కు మీదనే ఉండిపోయాయి. ఆ చెయ్యి తనదని గుర్తొచ్చి దించడానికి కొంతసేపు పట్టింది.

"పనా, వ్యాయామమా అని అడిగినారమ్మా" అన్నాడు చివరికి. "ఇది దేవునిది కదా."

ఆసిఫా గుమ్మం అవతలే నేల మీద కూర్చుంది. "నన్నడిగినా అంతే సార్. నమాజు వ్యాయామమా అంటే కాదనే రాస్తా. అడిగినోల్లకే అడగడం రాలేదు." మళ్ళీ తనే, "కానీ కొండకు ఇదంతా తెలీదు" అంది.

పైకి కబురు పంపింది. తోడు మనిషి అలవాటు ఒకటి కారణమని, ఇక జరగదని. నీమా దోర్జే ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఊపిరి ఆగి పది లెక్క దాటితే అతని దగ్గర గంట మోగుతుంది. ఇంకొక్కసారి మోగితే, ఎక్కడున్నా సరే, మేడమ్‌ను కిందికి దించేస్తాడు.

రెండు నిమిషాలు ఫోనులో మాట్లాడనిచ్చారు. సర్వమంగళ గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. ఆచారి జరిగింది చెప్పబోయాడు.

"నాకు నిన్ననే తెలుసు" అంది ఆమె.

"ఎట్లా?"

"మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ పదహారే. ఇరవై రెండేండ్లుగా మీ పదహారు లెక్కకే పాలు దించుతాండా. నాకు తెలీదా?"

"తెలిస్తే నీమాకు చెప్పలేదేం?"

"చెప్తే దించేస్తాడు."

"పోయింటే ఏమయ్యేది మంగా?"

"పోలేదు కదా." తర్వాత చాలాసేపు గాలి హోరు. "ఒకటి చెప్తా వినండి. నన్ను దించేది ఇప్పుడు మీ చేతిలో ఉంది. ఎక్కేది నా కాళ్ళల్లో ఉంది. నా కాళ్ళ సంగతి నేను చూసుకుంటా. మీ చెయ్యి మాత్రం ముక్కు మీదికి పోనియ్యద్దు."

ఆమె నవ్విందో దగ్గిందో తేల్చుకునేలోగా ఫోను తెగిపోయింది.

*

ఆ సాయంత్రం పీట వేసుకుని కూర్చున్నాడు. అర్ఘ్యం ఇచ్చాడు, జపం చేశాడు. ప్రాణాయామం దగ్గరికొచ్చేసరికి చెయ్యి తనంతట తానే లేచింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. లేచేటప్పుడు, అన్నం సగంలో వదిలేసి లేచినట్టనిపించింది.

మర్నాడు తనకు సంధ్య నేర్పిన వీరభద్రాచారి ఇంటికి వెళ్ళాడు. ఎనభై రెండేళ్ళ పెద్దాయన. కథంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. మొదటిసారి యంత్రం అర్థం కాక, రెండోసారి సరదాకు. ప్రాణాయామం లేని సంధ్య సంధ్యేనా అని ఆచారి అడిగాడు. పెద్దాయన గడ్డం గోక్కున్నాడు.

"ప్రాణం నిలపమన్నారురా పెద్దలు" అన్నాడు. "ఎవరి ప్రాణమని చెప్పలేదు."

ఆచారి ఇంకాస్త ముందుకు జరిగాడు.

"నువ్వు ఊపిరి నిలిపితే ఆమె ప్రాణం నిలవదంటే, నిలపకుండా ఉండేదే నిలిపేది. పో. అయినా ఈ వయసులో నీకు పదహారు దాకా వస్తాండాదే, దానికి సంతోషించు. నాకు పన్నెండుకే దగ్గొస్తాది."

మాట బాగుంది. దారిలో దాన్ని నాలుగుసార్లు అనుకున్నాడు. ఇంటికొచ్చేసరికి అందులోని చల్లదనం ఆరిపోయింది. నిలపడం అనే ఒక్క మాటకు రెండు అర్థాలు పెట్టిన భాష తనను ఆడిస్తున్నట్టనిపించింది. దేవుడు మాట చూస్తాడా, మనసు చూస్తాడా? మనసే చూసేట్టయితే, ఇన్నేళ్ళూ లెక్క తప్పకుండా పదహారు దేనికి లెక్కపెట్టించినట్టు?

శిఖరానికి కదిలేదాకా ఆ నాలుగు రోజులూ అతనికి ఒకచోట కాలు నిలవలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుందని మిద్దె మీదికి పోవడం మానేశాడు. తుమ్ము వస్తే భయం. వీధిలో ఎవరో గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి, ఉలిక్కిపడినందుకు ఛాతీ పట్టుకునేవాడు. తలుపు గొళ్ళెం పెట్టి, పెట్టానా లేదా అని మళ్ళీ వచ్చి చూసేవాడు. ఒక మధ్యాహ్నం గోంగూర పచ్చడి కొంచెం ఎక్కువై ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. చెంబెడు నీళ్ళు తాగినా పోలేదు. పావుగంటకు పైనుంచి ఆసిఫాకు ఒక కబురు వచ్చింది. ఆమె నవ్వు ఆపుకుంటూ చదివి వినిపించింది: "ఇక్కడ తాడు పట్టుకోని మంచు గోడ ఎక్కుతాండా. ఎక్కిళ్ళు వస్తాండాయి. ఆయన్ను పచ్చడి జాడీ అటకమీద పెట్టమని చెప్పండి."

ఆచారి నవ్వలేదు. జాడీ అటక మీద పెట్టాడు.

*

శిఖరానికి బయలుదేరే రోజు వచ్చింది. తెల్లవారగానే పై మకాం నుంచి కదిలారు. నడిచేది తొమ్మిదిమంది, ఒకరు ముందే దిగిపోయారు. పదకొండు గంటలకల్లా శిఖరం చేరకపోతే, చేతికందే దూరంలో ఉన్నా సరే, వెనక్కి తిరగాలి. మధ్యాహ్నం గాలి లేస్తుంది.

తోడు మనిషి ఆ రోజు కదలకుండా పడుకోవాలని కంపెనీవాళ్ళు చెప్పారు. ఆచారి మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. పక్కన ఆసిఫా, ఆమె ఒళ్ళో చిన్న తెర. అందులో ఒక అంకె. దాన్ని పొందిక అంటారు. అతని ఊపిరిని ఆమె ఒళ్ళు ఎంతవరకు అందుకుంటోందో చెప్పే అంకె. తొంభై ఉండాలి. నలభైకి పడితే మెడ పట్టీ తనంతట తానే ఆగిపోతుంది.

ఏడున్నరకు ఎనభై. ఎనిమిదింబావుకు డెబ్భై.

"మనసు పెట్టుకోవద్దు సార్. నిమ్మళంగా ఉండండి" అంది ఆసిఫా. నిమ్మళంగా ఉండాలని అతను గట్టిగా ప్రయత్నించాడు. అరవై నాలుగు.

ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాడు. మూడే ఉన్నాయి. వాటినే లెక్కపెడుతూ పోయాడు. తొమ్మిదిన్నరకు యాభై మూడు. నీమా రేడియోలో హిందీలో ఏదో చెప్పాడు. మిగతా ఎనిమిదిమంది ముందుకు పోయారని, మేడమ్ పది అడుగులు వేసి పది నిమిషాలు నిలబడుతోందని, తాను ఆమెతోనే ఉన్నానని ఆసిఫా తెలుగులో చెప్పింది. దిగుదామని అడిగితే తల అడ్డంగా ఊపిందట.

"నా ఊపిరి ఆమెకు అందడం లేదు" అన్నాడు ఆచారి.

"ఇది మీ ఊపిరి కాదు సార్ ఈ పొద్దు. ఎవరిదో."

నలభై తొమ్మిది.

నలభైకి పడితే అక్కడ, ఆ ఎత్తులో, ఆమె ఒక్కతే. అడుగు తీయాలంటే ఊపిరి కావాలి. దిగాలన్నా ఊపిరి కావాలి. ఇప్పుడే దిగితే పట్టీ పనిచేస్తూ ఉండగానే కిందికి చేరుతుంది. దించేది మీ చేతిలో ఉంది అని ఆమే చెప్పింది. పదహారు. ఒక్క పదహారు చాలు. పదికే గంట మోగుతుంది. నీమా తాడు పట్టుకుని దించేస్తాడు. ఇంటికొస్తుంది. తుమ్ము వచ్చిందనో, గుండె పట్టేసిందనో చెప్పొచ్చు. ఆమెకు తెలియదు.

ముక్కు మూయనక్కర్లేకుండానే ఊపిరి నిండుగా పీల్చి బిగబట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. లెక్క ఎంతో సులువుగా వచ్చింది, నాలుగు రోజులుగా ఆకలితో ఉన్న ఒళ్ళు దాని మీద పడింది. ఐదు. ఆరు. కాళికాంబ పటం కళ్ళలో మెదిలింది. ఇన్నేళ్ళూ ఆ తల్లికి అప్పజెప్పిన లెక్క ఇది. దీనితో ఇప్పుడు చేస్తున్నదేమిటి? సర్వమంగళకు తెలియదని అనుకుంటున్నాడు. పాలు ఏ లెక్కకు దించాలో తెలిసిన మనిషికి తెలియదని.

ఏడు.

వదిలేశాడు.

ఆసిఫా తెర చూసింది, అతన్ని చూసింది. నలభై ఆరు.

ఆచారి లేచి కూర్చున్నాడు. ఛాతీ పట్టీ అలాగే ఉంచుకుని, ముందు గదిలోకి నడిచి పని పీట ముందు బాసిపట్టు వేసుకున్నాడు. పడుకోవాలి సార్ అంటూ ఆసిఫా వెంట వచ్చింది.

"నలభై దినాలు ఈ పీట కాడనే కదమ్మా నేర్పించినారు" అన్నాడు. "పగటి పూట నేనెన్నడు పడుకున్నా? పడుకునే ఊపిరి ఆమె యాడ ఎరుగు?"

దాగలి దిమ్మ పక్కన సగం అయిన ముక్కుపుడక ఉంది. పట్టకారుతో పట్టుకుని ఆకురాయి ఆనించాడు. మొదటి నాలుగు రాపిళ్ళు వంకరగా పోయాయి. అయిదోది సరిగ్గా పడింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది, అవతల ఎవరూ లేరు. ముందుకు తోసేటప్పుడు గాలి బయటికి, వెనక్కి లాగేటప్పుడు లోపలికి. లోలోపల జపం, పెదవి కదలకుండా. రేకు అంచు మెరుస్తూ వచ్చింది. అంకె అడగాలనిపించింది. అడగలేదు.

"నలభై ఎనిమిది" అంది ఆసిఫా తనకు తానే. కొంతసేపటికి, "యాభై ఐదు." తర్వాత ఆమె చెప్పడం మానేసింది. అంచు పూర్తయ్యాక అతను పుడకను తిప్పి రెండో అంచు పట్టాడు. అది పూర్తయ్యాక, అవసరం లేకపోయినా, మళ్ళీ మొదటి అంచు.

పది యాభై నాలుగుకు రేడియో గరగరమంది. నీమా గొంతు. ఈసారి ఆసిఫా తెలుగు చేయలేదు. తెరను అతని వైపు తిప్పింది. ఎనభై ఎనిమిది. ఆ గరగరల వెనక, సన్నగా, స్కూలు మైదానంలో వినబడే ఈల ఒకటి వినిపించింది. అంత ఎత్తుకు ఆమె ఆ ఈల కూడా మోసుకుపోయిందని అప్పుడు తెలిసింది.

అతను ఆకురాయి కింద పెట్టలేదు. ఆమె ఇంకా దిగాలి.

*

శిఖరం ఎక్కిన పన్నెండో రోజున సర్వమంగళ ఇంటికొచ్చింది. ముక్కు కొస, బుగ్గలు ఎండకు కమిలి పొరలు లేస్తున్నాయి. ఎడమ చిటికెన వేలి గోరు నల్లబడి ఊడిపోయింది. ఇల్లంతా తిరిగి చూసి, అటక మీది జాడీ దించి, స్టూలు మీద కూర్చుంది. అతను ముక్కుపుడక ఇచ్చాడు. అద్దంలో చూసుకుంటూ, అతని వైపు తిరక్కుండానే అంది.

"ఏడు దాకా పోయి వదిలేసినారే ఆ పొద్దు."

ఆచారి అద్దంలోంచి ఆమె ముఖం చూశాడు.

"అప్పుడు నేను మంచులో కూర్చోనుండా. ఇంక నా వల్ల కాదు, దిగుదామని నీమాకు చెప్పబోతాండా. ఆగింది ఊపిరి. మీరేనని తెలిసింది. సరే, ఆయన దించేస్తాండాడు అనుకున్నా. పదహారు వచ్చింటే దిగేదాన్ని, మిమ్మల్ని ఒక్క మాట అనకుండా. ఏడుకు వదిలేసినారు." పుడక మర బిగించింది. "పొమ్మన్నారనుకున్నా. పోయినా."

ఆ సాయంత్రం నుంచి సంధ్య మళ్ళీ పూర్తిగా మొదలుపెట్టాడు. పట్టీలు కంపెనీవాళ్ళు తీసుకుపోయారు. తమ్ముడి అంగడి నుంచి పని తిరిగి వచ్చింది, కుంపటి రాజుకుంది. పడమటి కిటికీ ఎదుట కూర్చుని ముక్కు మూసి ఊపిరి పట్టాడు. వంటింట్లో పాలగిన్నెలో గరిటె తిరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. అతను ఊపిరి వదిలాడు. గరిటె మళ్ళీ కదిలింది.

కాకతాళీయమనుకున్నాడు. రెండోసారీ అంతే. మర్నాడూ అంతే. వారం చూశాక అడిగాడు.

"అలవాటులే" అంది సర్వమంగళ. "మీరు ఆపినప్పుడు నేనూ ఆపుతాండా. నేనే కావాలని."

అది నిజమో కాదో అతనికి తేలలేదు. ఊదుగొట్టం ఊదేటప్పుడు కిటికీలోంచి చూశాడు. బియ్యం ఏరుతున్న ఆమె చెయ్యి గాలిలో నిలిచిపోయి ఉంది, తల వంచుకునే ఉంది. ఊదుగొట్టం కింద పెట్టేశాడు.

ఆసిఫాకు ఫోను చేశాడు. రెండు వారాల్లో అదే పోతుందని కంపెనీలో పెద్దవాళ్ళు చెప్పారందామె. ఆరు వారాలయ్యాక తనే ఫోను చేసింది. ఇంకొక జంటకు కూడా పోలేదట. నివేదికలో రాశాను, చదివినట్టు లేరు, వచ్చే ఏడు అరవై మందిని తీసుకుపోతున్నారు అని చెప్పింది. ఆ జంటలో కూడా ఆయన సంధ్య చేసేవాడా అని ఆచారి అడిగాడు. కాదట. ఆయనకు నిద్రలో గురక, మధ్య మధ్య ఊపిరి ఆగుతుందట. ఇప్పుడు ఇద్దరికీ ఆగుతోందట.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఆచారి చెయ్యి ఆపాడు.

"మంగా, నాకు అరవై దగ్గర పడతాండాయి" అన్నాడు. "నాది మొత్తంగా ఆగిన పొద్దు?"

సర్వమంగళ మజ్జిగ చెంబు అందుకుంది. మజ్జిగ పోసింది. ఉప్పు అతని వైపు జరిపింది.

"అప్పుడు నేను సొంతంగా లెక్కపెట్టుకుంటా" అంది. "కొండ మీద చివరి నూరు అడుగులు అట్లే పోయినా. మీ ఊపిరి వచ్చిందో రాలేదో చూసుకోలేదు."

ఆ జవాబుతో అతని మనసు కుదుటపడలేదు. ఆమె మనసు కూడా కుదుటపడలేదని తెలుస్తూనే ఉంది. లేచి చెయ్యి కడుక్కుంటుంటే ఒక సంగతి తోచింది. బంగారాన్ని గీటురాయి మీద గీసి చూసినట్టు దీన్నీ గీసి చూడొచ్చు. ఊపిరి బిగబట్టి ఎవరూ పైకి మాట్లాడలేరు. ఆమె మాట్లాడుతోందంటే, ఊపిరి ఆడుతున్నట్టే.

సాయంత్రం పీట వేసుకుని, వంటింటి వైపు తల తిప్పి చెప్పాడు. "ఈ పొద్దు నుంచి లెక్క నువ్వు పెట్టు. పైకి. నాకు వినపడాల."

"నా లెక్కకు దేవుడు ఒప్పుకుంటాడా?"

"పెద్దాయనను అడిగి చెప్తాలే. ముందు నువ్వు పెట్టు."

ముక్కు మూశాడు. నిండుగా పట్టి ఉంచాడు. పాలు వేడెక్కుతున్న వాసన వచ్చింది.

"ఒకటి" అంది సర్వమంగళ. "రెండు. మూడు."

ఆమె గొంతు తేటగా వస్తోంది. ఆరు. ఏడు. అతని వీపు కొంచెం సడలింది. ఎనిమిది, తొమ్మిది. పది కొంచెం సన్నగా వచ్చింది. పదకొండు సగంలో తెగింది.

వంటింట్లో చప్పుడు లేదు. ఆచారి వేళ్ళు ముక్కు మీదనే ఉన్నాయి. తీసేయాలా, ఆమెకు ఇంకొక్క క్షణం ఇవ్వాలా? ఆ రోజు ఏడుకు వదిలినందుకే ఆమె పైకి పోయింది. ఇప్పుడు వదలకుండా ఉండడమే పొమ్మనడమేమో. కాళికాంబ పటం వైపు చూశాడు.

"పన్నెండు" అంది సర్వమంగళ గట్టిగా, మైదానంలో వెనకబడిన పిల్లను అదిలించినట్టు. ఊపిరి బరబరా లాక్కున్న చప్పుడు గోడ అవతలి నుంచి వినిపించింది. "పదమూడు. పద్నాలుగు. పదైదు."

పదహారుకు పాలగిన్నె దించిన చప్పుడైంది.